నేలరాలే జీడిపండు.. నాసిక్‌, గోవా నేర్పే పాఠం

సుమ్మాదేవి (పలాస): హౌరా-చెన్నై రైలు మార్గంలో పలాస దాటి మందస రోడ్డు వైపు సాగితే మధ్యలో వచ్చే చిన్న స్టేషను సుమ్మాదేవి. మార్చి మొదలుకొని మే వరకు ఈ ప్రాంతంలోని జీడితోటల్లో అడుగు పెట్టిన వారికి చెట్ల కింద ఎరుపు, పసుపు రంగుల పండ్లు పరచుకొని కనిపిస్తాయి. రైతు కుటుంబాలు తెల్లవారుతూనే తోటకు చేరి, రాలిన పండు నుంచి పిక్కను మెలితిప్పి వేరు చేస్తాయి. పిక్క బస్తాలోకి చేరుతుంది. పండు నేలపైనే మిగిలిపోతుంది. కొంత పశువులు తింటాయి. మిగిలినది ఒకటి రెండు రోజుల్లో పులిసి, తోట అంతటా ఘాటైన వాసన వ్యాపిస్తుంది.

ఉద్దానం రైతుకు ఆ వాసన కొత్తది కాదు. అయితే అది కేవలం కుళ్లు వాసన అనుకుంటే పొరపాటు. పండులోని చక్కెరను గాలిలోను, పండు తోలుపైన ఉండే ఈస్టు అనే సూక్ష్మజీవులు మద్యసారంగా మార్చే క్రమంలో వెలువడే వాసన అది. ఫ్రాన్సులోనైనా, నాసిక్‌లోనైనా ద్రాక్షరసం వైన్‌గా మారేది సరిగ్గా ఈ ప్రక్రియ ద్వారానే. ఒకచోట ఆ ప్రక్రియను చూడటానికి, దాని ఫలితాన్ని రుచి చూడటానికి పర్యాటకులు డబ్బు చెల్లించి మరీ వెళుతున్నారు. మరోచోట అదే ప్రక్రియ చెట్టు కింద ఎవరికీ పట్టకుండా ముగిసిపోతోంది. ఈ రెండింటి మధ్య దూరమెంత? ఆ దూరాన్ని దాటవచ్చా? దాటదగినదేనా? పరిశీలిస్తే ఆసక్తికరమైన అంశాలు తెలుస్తాయి.

బోర్డుపై వైన్‌.. లోపల వేరు

తెలుగునాట ‘వైన్స్‌’ అనే బోర్డు లేని పట్టణం కానరాదు. ఆ దుకాణాల్లో ప్రధానంగా అమ్ముడయ్యేవి బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు. అసలైన వైన్‌ అక్కడ అరుదు. ఈ కారణంగా వైన్‌ అంటే మద్యం అన్న అర్థమే జనంలో స్థిరపడింది.

పండ్ల రసాన్ని పులియబెట్టి, కాచకుండా, తేర్చి నిల్వ చేసినది వైన్‌. సాధారణంగా ద్రాక్ష వైన్‌లో మద్యసారం 11 నుంచి 14 శాతం వరకు ఉంటుంది. పులిసిన ద్రవాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి పట్టినవి బ్రాందీ, ఫెనీ, సారా వంటివి. వీటిలో మద్యసారం 40 శాతం దాకా, కొన్నిసార్లు అంతకుమించి ఉంటుంది. తాటిచెట్టు నుంచి దిగిన కల్లుకు, బట్టీలో కాచిన సారాకు మధ్య ఉన్న తేడా వంటిదే ఇది. ఆయుర్వేద దుకాణాల్లో లభించే ద్రాక్షారిష్టం కూడా పులియబెట్టే విధానంతో తయారయ్యేదే.

గోదావరి పుట్టిన లోయలో..

తెలుగు నేలను తడిపే గోదావరి త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టి నాసిక్‌ మీదుగా ప్రవహిస్తుంది. నాసిక్‌ సమీపంలో అదే నదిపై ఉన్న గంగాపూర్‌ జలాశయం పరిసరాలు నేడు దేశంలో వైన్‌ పర్యటనలకు ప్రధాన కేంద్రం. నాసిక్‌ ప్రాంతం చాలాకాలంగా తినే ద్రాక్షకు పేరు పొందింది. అమెరికాలో చదివి, ఉద్యోగం వదిలి తిరిగివచ్చిన రాజీవ్‌ సామంత్‌ అక్కడ వైన్‌ ద్రాక్ష సాగు చేపట్టి, సులా వైన్‌ తయారీ కేంద్రాన్ని నెలకొల్పారు. ఆ కేంద్రం నుంచి తొలి వైన్‌ 2000లో విపణిలోకి వచ్చింది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్‌కు ప్రత్యేక పారిశ్రామిక విధానం ప్రకటించింది. 2005లో సులా సందర్శకుల కోసం రుచి చూసే గదిని తెరిచింది. 2008 నుంచి తోటలోనే సంగీతోత్సవం ప్రారంభమైంది. అనంతరం ‘నాసిక్‌ లోయ వైన్‌’కు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ద్రాక్ష చలిదేశాల పంట. ఉష్ణమండలంలో తీగ నిద్రపోదు. అందుకే అక్కడి రైతులు ఏటా రెండుసార్లు కొమ్మలు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, వర్షాలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు-అక్టోబరులో మరొకటి జరుగుతుంది. రెండో కత్తిరింపు తర్వాత వచ్చిన గుత్తులు జనవరి నుంచి మార్చి మధ్య కోతకు వస్తాయి. పగలు ఎండ, రాత్రి చలి ఉండే ఆ రోజుల్లోనే పండుకు తీపి, పులుపు సమపాళ్లలో అమరుతాయి. పర్యటనకు వెళ్లదలచిన వారికి కూడా అదే అనువైన కాలం.

రుచి చూసే తీరిది

తయారీ కేంద్రానికి చేరిన సందర్శకులను ముందుగా తోటకు, ఆపై పండు తొక్కే యంత్రాల వద్దకు, ఉక్కు తొట్ల వద్దకు, ఓకు చెక్క పీపాలు నిల్వ ఉంచిన చల్లని గదికి తీసుకువెళతారు. ఎర్ర వైన్‌కు ద్రాక్షరసాన్ని తోలుతో సహా పులియబెడతారు. రంగు, ఒగరు తోలు నుంచే వస్తాయి. తెల్ల వైన్‌కు తోలు తీసివేసి రసాన్ని మాత్రమే పులియబెడతారు. చివరగా రుచి చూసే గదిలో చిన్న పరిమాణాల్లో నాలుగైదు రకాలు వడ్డిస్తారు.

ఆ వడ్డనకు ఒక క్రమం ఉంది. తేలికైన తెల్ల రకాలతో మొదలుపెట్టి, చిక్కని ఎర్ర రకాల వైపు సాగి, తీపి రకాలతో ముగిస్తారు. గ్లాసును కాడ వద్ద పట్టుకోవాలి. పైభాగం పట్టుకుంటే చేతి వేడికి వైన్‌ వెచ్చబడుతుంది. మొదట తెల్లని కాగితం ఎదుట ఉంచి రంగు చూస్తారు. ఆపై గ్లాసును మెల్లగా తిప్పి వాసన చూస్తారు. తిప్పినప్పుడు గాలి తగిలి పరిమళం బయటకు వస్తుంది. తర్వాత చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పి, తీపి, పులుపు, ఒగరు ఏ మేరకు ఉన్నాయో గమనిస్తారు. అనేక రకాలు పరీక్షించే నిపుణులు మింగరు. పక్కన ఉంచిన పాత్రలో ఉమ్మివేస్తారు. రుచి చూడటం వేరు, తాగడం వేరు అన్నది ఆ గదిలో నేర్చుకునే మొదటి పాఠం.

గోవాలో జీడిపండుదే పెద్దపీట

నాసిక్‌ ద్రాక్ష ఉద్దానంలో పండదు. కానీ ఉద్దానంలో పండే జీడి గోవాలోనూ పండుతుంది. బ్రెజిల్‌ ప్రాంతానికి చెందిన ఈ చెట్టును 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు భారతదేశపు పశ్చిమ తీరానికి తెచ్చారు. పప్పు కోసం మాత్రమే జీడిని చూసే ఉద్దానానికి భిన్నంగా, గోవా గ్రామాలు పండును కూడా పంటగానే పరిగణించాయి.

అక్కడ పండును చెట్టు నుంచి కోయరు. పూర్తిగా పండి తనంతట తాను రాలినదే ఏరుకుంటారు. పిక్క తీసివేసిన పండ్లను రాతి తొట్టిలో వేసి కాళ్లతో తొక్కుతారు. తొక్కగా మిగిలిన పిప్పిని కుప్పగా చేసి, పైన బరువు పెట్టి వదిలితే నెమ్మదిగా కారే తేట రసాన్ని ‘నీరో’ అంటారు. ఇది మత్తులేని తీయని పానీయం. తొక్కిన రసాన్ని కుండల్లో రెండు మూడు రోజులు పులియనిచ్చి కట్టెల బట్టీపై కాస్తారు. మొదటిసారి పట్టినది ‘ఉర్రాక్‌’. దీనిలో మద్యసారం సుమారు 15 శాతం. దానికి పులిసిన రసం కలిపి మళ్లీ కాచితే 42 శాతం పైచిలుకు తీవ్రతతో ‘ఫెనీ’ సిద్ధమవుతుంది. నురుగు అనే అర్థమున్న కొంకణి మాట నుంచి ఆ పేరు వచ్చిందని చెబుతారు.

గోవా జీడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2016లో గోవా ప్రభుత్వం దానికి వారసత్వ పానీయంగా హోదా కల్పించింది. నేడు ఎండాకాలంలో పర్యాటకులు జీడితోటలకు వెళ్లి, పండ్లు తొక్కడం చూసి, బట్టీ పనితీరు తెలుసుకుని, రుచి చూసి వస్తున్నారు. సముద్రతీరం ఖాళీ అయ్యే వేసవి నెలల్లో లోపలి గ్రామాలకు ఆ విధంగా కొంత ఆదాయం సమకూరుతోంది.

ఒగరే అడ్డంకి

మరి ఉద్దానంలో పండును ఎందుకు వదిలేస్తున్నారు? మొదటి కారణం ఒగరు. జీడిపండులో టానిన్లు అధికం. కొరికితే నాలుక బిగుసుకుని, గొంతు గరగరలాడుతుంది. రెండోది నిల్వ. పలుచని తోలు, నిండా రసం ఉన్న ఈ పండు రాలిన 24 గంటల్లోనే చెడిపోవడం మొదలవుతుంది. సంతకు చేర్చేలోపే చితికిపోతుంది. మూడోది ధర. పిక్కకు కొనుగోలుదారు ఉన్నాడు. పండుకు లేడు.

ఒగరును తొలగించే మార్గం కష్టమైనది కాదు. రసంలో సగ్గుబియ్యం జావ వంటి పిండి పదార్థాన్ని కలిపి కొన్ని గంటలు కదపకుండా ఉంచితే టానిన్లు దానితో కలిసి అడుగుకు చేరుతాయి. పై తేటను వేరు చేస్తే ఒగరు చాలావరకు పోతుంది. కేరళలోని మాడక్కత్తర జీడి పరిశోధన కేంద్రం ఈ విధంగా పానకాలు, జామ్‌, పచ్చళ్లు తయారుచేసే పద్ధతులను రూపొందించి శిక్షణ ఇస్తోంది. పోషకాల విషయంలోనూ ఈ పండు తక్కువది కాదు. 100 గ్రాముల రసంలో సి విటమిన్‌ 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఇది నారింజకు సుమారు నాలుగు రెట్లు.

వైన్‌ విషయానికి వస్తే లెక్క మరోలా ఉంటుంది. లీటరు రసంలోని 17 గ్రాముల చక్కెర పులిసి సుమారు ఒక శాతం మద్యసారాన్ని ఇస్తుంది. జీడిరసంలో చక్కెర లీటరుకు వంద గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే దానంతట అది పులిస్తే ఆరు శాతం దగ్గరే ఆగుతుంది. ఆ స్థాయిలో వైన్‌ ఎక్కువకాలం నిలవ ఉండదు. అందుకే తయారీలో అదనంగా చక్కెర కలిపి, ఎంపిక చేసిన ఈస్టు వేసి, గాలి సోకకుండా పులియబెడతారు. గాలి తగిలితే అది వెనిగర్‌గా మారుతుంది. తోటలో చెట్టు కింద జరుగుతున్నది అదే.

పిక్క వెనుక పోతున్నదెంత?

పిక్క బరువుతో పోలిస్తే పండు బరువు అయిదు నుంచి పది రెట్లు ఉంటుంది. ఉద్దానంలో పిక్కల అమ్మకానికి 80 కిలోల బస్తాయే కొలమానం. ఒక రైతు మూడు బస్తాలు, అంటే 240 కిలోల పిక్కలు అమ్మాడనుకుంటే, ఆ తోటలో కనీసం 1,200 కిలోల పండు నేలపాలైనట్టే. బరువులో మూడింట రెండు వంతులు రసంగా వచ్చినా అది 800 లీటర్లు.

పిక్కకు గిట్టుబాటు ధర లేదని ఉద్దానం రైతులు కొన్నేళ్లుగా ఆందోళన చెందుతున్నారు. పలాస-కాశీబుగ్గ పరిశ్రమలు విదేశీ పిక్కలపై కూడా ఆధారపడటంతో స్థానిక ధర తరచూ ఒడుదొడుకులకు లోనవుతోంది. దీనికి తోడు తుపాన్ల బెడద. 2013లో ఫైలిన్‌, 2014లో హుద్‌హుద్‌ ఈ తీరాన్ని కుదిపేశాయి. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ కొబ్బరి, జీడి చెట్లను వేళ్లతో సహా పెకలించింది. అంటు మొక్క నాటినా కాపు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. కొబ్బరికి అంతకన్నా ఎక్కువ కాలం కావాలి. మళ్లీ తోట వేసుకున్న రైతుకు పిక్క ఒక్కటే ఆధారం కావడం ఎంత బలహీనమైన స్థితో చెప్పనక్కరలేదు. పండుకు కూడా ధర పలికితే అదే చెట్టు, అదే కూలీ రెండు ఆదాయాలను ఇస్తాయి.

కేరళ ముందడుగు

జీడిపండు విషయంలో కేరళ ఇటీవల చెప్పుకోదగిన నిర్ణయాలు తీసుకుంది. 2022లో స్థానిక పండ్ల నుంచి తక్కువ తీవ్రత గల వైన్‌ తయారీకి చిన్న కేంద్రాలను అనుమతించే నిబంధనలు తెచ్చింది. అదే ఏడాది కన్నూరు జిల్లాలోని పయ్యావూరు సహకార బ్యాంకుకు జీడి ఫెనీ తయారీకి అనుమతి లభించింది. అనంతరం కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం ‘నిళ’ పేరుతో అరటి, అనాస, జీడిపండు వైన్లను రూపొందించింది. ప్రైవేటు పెట్టుబడి కాకుండా సహకార సంఘం, విశ్వవిద్యాలయం ముందు నిలవడం ఇక్కడ గమనించవలసిన అంశం.

చట్టం, సమాజం, ఆరోగ్యం

ఆంధ్రప్రదేశ్‌లో ఈ దారి అంత సులువు కాదు. మద్యం రాష్ట్ర జాబితాలోని అంశం. లైసెన్సు లేకుండా పండ్ల రసాన్ని పులియబెట్టి అమ్మడం, బట్టీ పెట్టి కాయడం నేరం. ఇంటి పెరట్లో ప్రయోగాలు చేయబూనడం జైలుకు దారితీయవచ్చు. ప్రమాదకరం కూడా.

చట్టం కంటే లోతైనది సమాజ అనుభవం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. దాని ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. 1997లో మద్యనిషేధాన్ని సడలించినా, సారాపై నిషేధం కొనసాగుతోంది. కూలి డబ్బు సారా కొట్లకు పోయిన రోజులను చూసిన గ్రామీణ మహిళలు పండు పేరుతో మరో మద్యం వస్తుందంటే సహజంగానే అభ్యంతరం చెబుతారు. ఆ అభ్యంతరాన్ని పక్కన పెట్టి ఏ పథకమూ ఇక్కడ నిలబడదు.

ఉద్దానానికి ప్రత్యేకమైన మరో అంశం మూత్రపిండాల వ్యాధి. దశాబ్దాలుగా వేలాది కుటుంబాలను కుంగదీస్తున్న ఈ వ్యాధికి కారణం ఇప్పటికీ ఇదమిత్థంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. మద్యం ఏ మోతాదులోనూ పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. ఇటువంటి నేలపై ఫెనీ బట్టీలు పెట్టాలన్న ఆలోచన ఎంత లాభదాయకంగా కనిపించినా, ముందు ఆరోగ్య కోణం నుంచి తూకం వేయక తప్పదు.

మత్తు లేకుండానే..

నాసిక్‌, గోవా నేర్పే పాఠం మద్యం గురించి మాత్రమే కాదు. పండిన చోటనే పండును చూపించి, తయారీ వివరించి, రుచి చూపించి, సీసాలో నింపి ఇంటికి పంపడం ఆ పాఠంలోని అసలు సారం. దానికి పులియబెట్టనవసరం లేదు. గోవా ‘నీరో’ మత్తులేనిదే. తెలంగాణ ప్రభుత్వం 2023 మేలో హైదరాబాద్‌ నెక్లెస్‌ రోడ్డులో నీరా కేఫ్‌ ప్రారంభించింది. తూర్పు కనుమల్లోని అరకు కాఫీ మరో ఉదాహరణ. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కాఫీని తోటల్లోనే రుచి చూడటానికి పర్యాటకులు వస్తున్నారు.

సుమ్మాదేవి పరిసరాల్లో ఇందుకు కావలసినవి లేకపోలేదు. మార్చి-మే నెలల్లో జీడితోట, పలాసలో పిక్క కాల్చి పప్పు తీసే పరిశ్రమ, మందసలో వాసుదేవ పెరుమాళ్‌ ఆలయం, పేరొందిన మందస కోవా, బారువ తీరం.. అన్నీ ఒక రోజు ప్రయాణంలో ఇమిడేవే. తేర్చిన జీడిరసం, పనస తొనలు, కొబ్బరి నీరు ఒకే బల్లపై వరుసగా వడ్డిస్తే అది ఉద్దానపు ‘రుచి చూసే గది’ అవుతుంది. నాసిక్‌లో గ్లాసు తిప్పి వాసన చూసినట్టే, ఇక్కడ ఎర్ర పండు రసానికి, పసుపు పండు రసానికి మధ్య తేడాను సందర్శకుడు గుర్తించవచ్చు.

అయితే ముందుగా కొన్ని ఏర్పాట్లు అవసరం. పండ్లు మట్టి అంటకుండా చెట్ల కింద వలలు లేదా పట్టాలు పరచాలి. పురుగుమందు చల్లిన తర్వాత తగిన గడువు పాటించాలి. పండు ఉదయం ఏరితే మధ్యాహ్నానికి రసం తీసేంత దగ్గరలో చిన్న కేంద్రాలు ఉండాలి. తేర్చిన రసాన్ని వేడిచేసి శుభ్రంగా నింపే సదుపాయం, ఆహార భద్రత లైసెన్సు ఉండాలి. మహిళా సంఘాలకు శిక్షణ ఇచ్చి, తొలి రెండు మూడేళ్లు కొనుగోలుకు భరోసా కల్పిస్తే ఇది అసాధ్యమేమీ కాదు. ఉద్యాన శాఖ, ఉద్యాన విశ్వవిద్యాలయం, పర్యాటక శాఖ ఒకే చోట కూర్చుని ఆలోచించవలసిన పని ఇది.

వైన్‌ తయారీకి అనుమతించాలా వద్దా అన్నది రాష్ట్ర ప్రభుత్వం, ఉద్దానం ప్రజలు కలిసి తేల్చుకోవలసిన ప్రశ్న. రసానికి, జామ్‌కు, పచ్చడికి మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఏళ్ల తరబడి వేచి ఉండనక్కరలేదు. వచ్చే మార్చిలోనూ సుమ్మాదేవి తోటల్లో పండ్లు రాలతాయి. అవి బుట్టలోకి చేరతాయా, మట్టిలోనే పులిసిపోతాయా అన్నది ఈలోగా జరిగే సన్నాహాలపైనే ఆధారపడి ఉంది.